మెరక పల్లం తెలిసిన మనుషులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో "అమెరికాలో పాత గోల్ఫ్ మైదానాలన్నీ స్కాట్లాండ్ వాళ్లే గీశారట, నిజమేనా?" అని ఒకరు అడిగితే నాలుగు వాక్యాల్లో జవాబిచ్చి ఊరుకున్నాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేనికీ రాలేదు. సగం మంది అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులు, మిగతా సగం ఎప్పుడూ గోల్ఫ్ కర్ర పట్టనివాళ్లు. నాకు బాగా ఇష్టమైన విషయం కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

మా అమ్మాయి నార్త్ కరోలినాలో ఉంటుంది. ఈ వేసవిలో మమ్మల్ని పైన్‌హర్స్ట్ అనే ఊరు తీసుకెళ్లింది. అక్కడ గోల్ఫ్ మైదానం దగ్గర డొనాల్డ్ రాస్ అనే ఆయన విగ్రహం చూశాం. పెద్ద ఆటగాడా అని అడిగితే "ఆడేవాడే, కానీ మొదట్లో వడ్రంగి పని నేర్చుకున్నాడు, ఈ మైదానం కట్టింది ఆయనే" అన్నాడు మా అల్లుడు. వడ్రంగికి విగ్రహం ఏమిటండీ? (ఒక పాఠకురాలు, తెనాలి)

మీ అల్లుడుగారు సరిగ్గానే చెప్పారండీ. డొనాల్డ్ రాస్ 1872లో స్కాట్లాండ్ ఉత్తరాన డోర్నోక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. సముద్రం ఒడ్డు, చలి, గాలి, ఊరి పక్కనే ఇసుక దిబ్బల మీద గోల్ఫ్ మైదానం. కుర్రతనంలో వడ్రంగి దగ్గర పనికి చేరాడు. తర్వాత స్కాట్లాండ్‌లోనే గోల్ఫ్‌కి పేరుపడ్డ సెయింట్ ఆండ్రూస్ అనే ఊరు వెళ్లి ఓల్డ్ టామ్ మోరిస్ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ కాలంలో గోల్ఫ్‌కి సంబంధించి ఏ పని కావాలన్నా ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లేవాళ్లు. అక్కడి నుంచి తిరిగొచ్చి సొంత ఊళ్లోనే మైదానం చూసుకోవడం, కర్రలు చేయడం, ఆట నేర్పడం అన్నీ ఒక్కడే చేసేవాడు.

హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రం చెప్పే రాబర్ట్ విల్సన్ అనే ప్రొఫెసర్ డోర్నోక్‌కి ఆడటానికి వచ్చి ఈ కుర్రాణ్ణి చూశాడు. అమెరికా వస్తే నీకు మంచి పని ఉంటుందని చెప్పాడు. 1899లో రాస్ బోస్టన్‌లో దిగాడు. దాచుకున్నదంతా ఓడ టికెట్టుకే పోయి జేబులో రెండు డాలర్లు మిగిలాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. బోస్టన్ పక్కన ఓక్లీ అనే క్లబ్బులో పనికి కుదిరాడు.

పైన్‌హర్స్ట్ సంగతికొస్తే, అది అప్పటికి ఎవరికీ అక్కర్లేని నేల. టర్పెంటైన్ కోసం, కలప కోసం పైన్ చెట్లు నరికేసి వదిలేసిన ఇసుక భూమి. సోడా యంత్రాల వ్యాపారం చేసి డబ్బు సంపాదించిన జేమ్స్ టఫ్ట్స్ అనే ఆయన 1895లో అక్కడ వేల ఎకరాలు కారుచౌకగా కొని, ఉత్తరాది చలికి ఆరోగ్యం చెడినవాళ్లు వచ్చి ఉండటానికి ఊరు కట్టించాడు. గోల్ఫ్ ఆయన ఆలోచనలోనే లేదు. వచ్చినవాళ్లు కొందరు పాడి పొలంలో బంతులు కొడుతుంటే ఆవులు బెదిరిపోతున్నాయని ఫిర్యాదులొచ్చాయట, సరే వీళ్లకో చోటు చూపిద్దామని మొదట తొమ్మిది హోల్స్ (బంతిని పడేయాల్సిన గుంటలు, ఒక్కోదానికీ ఒక్కో దారి) వేయించాడు, ఆ తర్వాత 1900లో రాస్‌ని పిలిపించాడు.

రాస్ ఆ నేల చూడగానే ఏమనుకుని ఉంటాడో నేను ఊహించగలను. మిగతావాళ్లకది పంట పండని భూమి. డోర్నోక్ నుంచి వచ్చినవాడికి మాత్రం అది కాళ్లకు తెలిసిన నేల. స్కాట్లాండ్‌లో సముద్రానికీ సాగు భూమికీ మధ్య ఉండే ఇసుక పట్టీని లింక్స్ అంటారు. అక్కడ ఏమీ పండదు, గొర్రెలు మేస్తాయి, నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి కాబట్టి వాన వెలిసిన గంటకే ఆడుకోవచ్చు. గోల్ఫ్ పుట్టిందే అక్కడ. సముద్రానికి అంత దూరంలో అలాంటి ఇసుక దొరికింది ఆయనకు. మీరు చూసిన నంబర్ 2 కోర్సు 1907లో పూర్తయింది. కట్టి వదిలేయలేదు, 1948లో పోయేదాకా దాన్ని దిద్దుతూనే ఉన్నాడు, ఇల్లు కూడా మూడో గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా చదును చేసిన చోటు) పక్కనే కట్టుకున్నాడు. నలభై ఏళ్లు ఒకే నేలను పట్టుకుని కూర్చున్న మనిషికి విగ్రహం పెట్టడం నాకైతే చాలా సబబుగా అనిపిస్తుంది.

ఇంకో సంగతి, మీరు చూసిన పచ్చగడ్డి గ్రీన్లు మొదట్లో లేవు. ఆ వేడికి, ఆ ఇసుకకు సన్నగడ్డి నిలిచేది కాదు, అందుకని మట్టి మీద ఇసుక పరిచి చదును చేసినవే గ్రీన్లు. 1936లో పీజీఏ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద పోటీ వస్తోందని 1935లో బెర్ముడా గడ్డి వేశారు. బెర్ముడా అంటే మరేదో కాదు, మన గరికే.

అప్పట్లో "ప్రొఫెషనల్" అంటే ఇప్పటిలాగే కోట్లు సంపాదించే ఆటగాళ్లా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

కాదు బాబూ, ఆ మాట వింటే ఇప్పుడు మనకు కనిపించే బొమ్మ వేరు, అప్పటి మనిషి వేరు. చిన్నప్పుడు కాడీగా సంచి మోయడం, కాస్త పెద్దయ్యాక కర్రలూ బంతులూ చేసేవాడి దగ్గర చేరడం, ఆ తర్వాత గడ్డి కోయడం, గుంతలు పూడ్చడం, దొరలకు పాఠం చెప్పడం, వాళ్లు పందెం కట్టుకుంటే వాళ్ల తరఫున ఆడటం. ఇదంతా కలిపి ప్రొఫెషనల్. డబ్బు తీసుకుని ఆడతాడు కాబట్టి తక్కువ మనిషి. డబ్బు అక్కర్లేకుండా ఆడేవాడు అమెచ్యూర్, ఆయన పెద్దమనిషి. క్లబ్బు భవనంలోకి ప్రొఫెషనల్‌కి ప్రవేశం లేదు, బట్టలు మార్చుకోవడానికి బయట ఏదో షెడ్డు చూపించేవాళ్లు.

ఓల్డ్ టామ్ సంగతే చూడు. 1821లో పుట్టాడు. మొదట అలన్ రాబర్ట్‌సన్ దగ్గర ఈకల బంతులు కుట్టే పని. తోలు సంచీలో ఉడకబెట్టిన బాతు ఈకలు కుక్కి కుట్టేవాళ్లు, పనిమంతుడు కూడా రోజుకు నాలుగైదుకు మించి చేయలేడు. తర్వాత మలయా చెట్ల జిగురుతో చేసిన గట్టా పెర్చా బంతి వచ్చింది, చవక, గట్టి. టామ్ దాంతో ఆడాడని యజమానికి కోపమొచ్చి ఇద్దరూ విడిపోయారు. 1851లో ప్రెస్ట్‌విక్ వెళ్లి అక్కడ పన్నెండు హోల్స్ మైదానం వేశాడు, ఓపెన్ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద పోటీ మొదటిసారి 1860లో దాని మీదే జరిగింది. ఆ పోటీ తనూ నాలుగుసార్లు గెలిచాడు. అలాంటి మనిషిని 1889లో ఐర్లండ్‌లోని కౌంటీ డౌన్ క్లబ్బు వాళ్లు మైదానం వేయడానికి పిలిచినప్పుడు రాసుకున్న తీర్మానం ఏమిటంటే, ఖర్చు నాలుగు పౌండ్లు మించకూడదు. ఇవాళ ప్రపంచంలో గొప్ప మైదానాల పేర్లు చెప్పమంటే ఎవరైనా మొదటి పదిలో చెప్పే పేరది.

క్లబ్బు తలుపు తెరుచుకున్నది 1920లో. అమెరికాలో టొలీడో ఊరి ఇన్వర్‌నెస్ క్లబ్బు యూఎస్ ఓపెన్ అనే పెద్ద పోటీ పెట్టినప్పుడు ప్రొఫెషనల్స్‌ని లోపలికి రానిచ్చింది. ఆ మైదానాన్ని తీర్చిదిద్దింది కూడా డొనాల్డ్ రాసే. ఆటగాళ్లంతా చందాలు వేసుకుని క్లబ్బుకి ఒక నిలువెత్తు గడియారం బహుమతిగా ఇచ్చారు. దేవుడు మనుషుల్ని వాళ్లకున్న సంపదను బట్టి కాదు, వాళ్లేమిటో దాన్ని బట్టి కొలుస్తాడు అనే అర్థం వచ్చే పద్యం దాని మీద చెక్కించారు. ఆ గడియారం ఇంకా అక్కడే ఉంది. ఈ సంగతి రాస్తున్న ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

అంతమంది ఊళ్లు వదిలి ఎందుకు పోయారు? అక్కడ పని లేకనా? (రైల్వే ఉద్యోగి, కాజీపేట)

పని ఉంది, కూలి లేదు. అటు అమెరికాలో ఏం జరిగిందంటే, స్కాట్లాండ్‌లోని డన్ఫర్మ్‌లిన్ నుంచి వెళ్లిన జాన్ రీడ్ అనే ఆయన 1888లో న్యూయార్క్ పక్కన యాంకర్స్‌లో సెయింట్ ఆండ్రూస్ పేరుతోనే క్లబ్బు పెట్టాడు, అప్పటికి దేశం మొత్తం మీద ఆట తెలిసినవాళ్లు గుప్పెడు మంది. 1900 వచ్చేసరికి మైదానాలు దాదాపు వెయ్యి. అన్నిటికీ నేర్పేవాడు కావాలి, కర్రలు చేసేవాడు కావాలి, నేల చూసేవాడు కావాలి. ఈ మూడూ తెలిసిన మనుషులు దొరికేది ఒక్క స్కాట్లాండ్‌లోనే. మన వైపు ఒక ఊరి నుంచి ఒకడు గల్ఫ్ వెళ్తే వెనకే తమ్ముడు, బావమరిది, పక్కింటి కుర్రాడు బయల్దేరినట్టే అయింది.

కార్నూస్టీ అనే ఊరు దీనికి బాగా పేరు పడింది, అక్కడి నుంచి మూడొందల మంది దాకా వెళ్లారని లెక్క చెబుతారు. ఆ ఊరి స్మిత్ అన్నదమ్ముల్లో విల్లీ 1899 యూఎస్ ఓపెన్ గెలిచాడు, గోల్ఫ్‌లో తక్కువ షాట్లతో ముగించినవాడే గెలుస్తాడు, రెండో స్థానం వాళ్లకంటే ఆయనకు 11 షాట్లు తక్కువ. ఆ తేడాని దాటడానికి 2000లో టైగర్ వుడ్స్ రావాల్సి వచ్చింది. అలెక్స్ 1906లో, 1910లో గెలిచాడు. మధ్యలో 1907లో గెలిచింది మన రాస్ తమ్ముడు అలెక్ రాస్. అదే కార్నూస్టీ నుంచి కార్నెగీ క్లార్క్ ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి ఓపెన్ మూడుసార్లు గెలిచి, మైదానాలూ వేశాడు. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ టామ్ దగ్గర పని నేర్చిన లారీ వాటర్స్ దక్షిణాఫ్రికా వెళ్లాడు, 1903లో అక్కడి ఓపెన్ గెలిచాడు, 1922లో మొదలైన డర్బన్ కంట్రీ క్లబ్ మైదానంలో ఆయన చేయి ఉంది. డర్బన్ అంటే మన తెలుగువాళ్లు చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్లిన ఊరు కూడా. ఆ రోజుల్లో ఆ క్లబ్బు గేటు మాత్రం మనవాళ్లకు తెరుచుకునేది కాదు, అది గుర్తుంచుకోవాలి.

బుల్‌డోజర్లు లేని రోజుల్లో నేలను ఎలా మలిచేవాళ్లు? నేను సివిల్ ఇంజినీర్‌ని, పని పద్ధతి చెప్పండి. (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

మీ ప్రశ్నకు నేను ఎదురుచూస్తున్నాను. మలచడం తక్కువ, వెతకడం ఎక్కువ. మైదానం మొత్తం నడిచి, మెరక ఎక్కడ, పల్లం ఎక్కడ, వాన నీరు ఎటు పోతుంది అని చూసుకునేవాళ్లు. గ్రీన్‌కి సహజంగా ఉన్న చిన్న మెరక వెతుక్కోవాలి, బంతి మొదలుపెట్టే టీ కూడా ఎత్తు మీద ఉంటే మంచిది, మధ్యలో పల్లం దాటుతుంది. ఇలా ఒక మెరక నుంచి ఇంకో మెరకకు పద్దెనిమిది గెంతులు వేసి, ఆఖరికి బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, ఒక గ్రీన్ దగ్గర నుంచి తర్వాతి టీకి నాలుగడుగులకు మించి నడిపించకూడదు. కాగితం మీద చెప్పినంత తేలిక కాదు, మీకు తెలుసు. మా తాతయ్య కొత్త చేనులో కయ్యలు తీసే ముందు రెండు వానలు ఆగి నీరు ఎక్కడ నిలుస్తుందో చూసేవాడు, ఆ తర్వాతే గట్టు. రాస్ గీసిన కాగితాలు చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొస్తాడు.

మట్టి కదపాల్సి వస్తే కంచర గాడిదలు, వాటి వెనక ఇనప తట్టలాంటి పార. మన వైపు దమ్ము చేశాక ఎడ్లతో బల్ల తోలినట్టు, అవి లాగుతుంటే మనిషి వెనక పిడి పట్టుకుని మట్టి గీరుకుంటూ పోయి అక్కడ కుమ్మరిస్తాడు. బంకర్ కోసం, అంటే ఇసుక గుంత కోసం, తవ్విన మట్టి పక్కనున్న గ్రీన్‌కి ఎత్తుగా వేస్తే దూరం మోసే పని తప్పుతుంది. పాత మైదానాల్లో బంకర్లు గ్రీన్‌ని ఆనుకుని ఉండటానికి ఇదీ ఒక కారణం. నీళ్ల విషయంలో రాస్ చాలా పట్టుదల మనిషి, గ్రీన్ మీద పడ్డ చుక్క ఏదో ఒక పక్కకు జారిపోవాలి, నిలవకూడదు.

పేరు పెరిగాక రాస్ అన్ని చోట్లకూ వెళ్లలేకపోయాడు. ఆయన పేరు మీద దాదాపు 400 మైదానాలున్నాయి, వాటిలో చాలా వాటిని ఒకటి రెండుసార్లే చూశాడు, కొన్నిటిని అసలు చూడలేదు. ఎత్తుపల్లాల మ్యాపు తెప్పించుకుని, ఒక్కో హోల్‌కి ఒక్కో బొమ్మ గీసి, ఇక్కడ ఇంత ఎత్తు, ఇక్కడ ఇంత లోతు అని పక్కన రాసి పంపేవాడు. అక్కడుండి చేయించే నమ్మకమైన మేస్త్రీలు ఉండేవాళ్లు.

టామ్ బెండెలో అనే ఆయన ఆరొందల మైదానాలు గీశాడని చదివాను. మేకులు పాతి వెళ్లిపోవడమేగా, దాన్ని డిజైన్ అంటారా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

అంటారండీ, నేనైతే గట్టిగా అంటాను. బెండెలో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నుంచి వచ్చాడు. 1892లో అమెరికా చేరి న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో అక్షరాలు పేర్చే పని చేశాడు. తర్వాత స్పాల్డింగ్ అనే ఆట సామాన్ల కంపెనీ ఆయన్ని తీసుకుని ఊరూరా తిప్పింది. మైదానాలు పెరిగితే కర్రలూ బంతులూ అమ్ముడవుతాయన్నది కంపెనీ లెక్క. ఆయన రైలు దిగి, ఊరివాళ్లు చూపించిన పొలమంతా నడిచి, ఇక్కడ టీ, ఇక్కడ గ్రీన్ అని కర్రలు పాతి, ఎలా చూసుకోవాలో చెప్పి సాయంత్రం రైలెక్కేసేవాడు. తర్వాతి తరం వాళ్లు దీన్ని చాలా ఎగతాళి చేశారు.

కానీ ఆ ఊళ్ల దగ్గర డబ్బెంత? వాళ్లకు కావాల్సింది పదిమంది ఆడుకునే చోటు, అది ఇచ్చాడు. న్యూయార్క్ వాన్ కోర్ట్‌ల్యాండ్ పార్కులో 1895లో మొదలైన మైదానం అమెరికాలో మొదటి పబ్లిక్ కోర్సు, దాన్ని పద్దెనిమిది హోల్స్‌కి పెంచి నడిపించింది బెండెలో. క్లబ్బు సభ్యత్వం కొనలేని మనిషి కూడా ఆడొచ్చు అన్నది అక్కడ మొదలైంది. సమయం, డబ్బు ఇచ్చినప్పుడు ఏం చేయగలడో చూడాలంటే షికాగో దగ్గర మెడైనా మైదానాలున్నాయి, అవీ ఆయనవే. ఇంకో చిన్న మాట, ఆదివారం గోల్ఫ్ ఆడకూడదని ఇంట్లో పెట్టిన నియమం ఆయన జీవితాంతం పాటించాడు.

వీళ్లను ఇంత పొగుడుతున్నారు. ఆ మైదానాల నేల ఎవరిదో, చెమట ఎవరిదో కూడా రాయండి. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

రాయాల్సిందేనమ్మా, మీరు అడగకపోయినా ఇది లేకుండా ఈ శీర్షిక పూర్తి చేసేవాణ్ణి కాదు. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో షినకాక్ హిల్స్ క్లబ్బుంది. ఆ కొండలు షినకాక్ అనే ఆదివాసీ తెగవి, 1859లో వాళ్ల చేతుల్లోంచి పోయాయి, ఆ వ్యవహారంలో మోసం జరిగిందని ఆ తెగ ఇప్పటికీ పోరాడుతోంది. 1891లో మైదానం మొదలుపెట్టినప్పుడు పొదలు కొట్టి నేల చదును చేసింది ఆ తెగ మనుషులే, తమ కొండల మీద తామే కూలీలుగా. మైదానం వేసిన పేరు మాత్రం చాలాకాలం స్కాట్లాండ్ వాడైన విల్లీ డన్‌కి పోయింది. మొదటి పన్నెండు హోల్స్ వేసింది నిజానికి విల్లీ డేవిస్, ఆయన ఇంగ్లండ్ మనిషి.

1896లో అక్కడ యూఎస్ ఓపెన్ జరిగింది. ఆ మైదానంలోనే పని చేస్తూ ఆట నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు పేర్లు ఇచ్చారు, నల్లజాతి కుర్రాడు జాన్ షిప్పెన్, షినకాక్ తెగకు చెందిన ఆస్కార్ బన్. వీళ్లుంటే మేం ఆడం అని మొండికేసింది ఎవరో తెలుసా, బ్రిటన్ నుంచి వచ్చిన ఈ ప్రొఫెషనల్సే. సొంత ఊళ్లో క్లబ్బు గుమ్మం బయట నిలబెట్టబడిన మనుషులు, ఇక్కడికొచ్చి ఇంకొకళ్లను గుమ్మం బయట నిలబెట్టబోయారు. వాళ్లిద్దరే ఆడినా సరే పోటీ జరుగుతుందని గోల్ఫ్ సంఘం అధ్యక్షుడు హేవ్‌మేయర్ తేల్చి చెప్పాడు కాబట్టి అందరూ నోరు మూసుకుని ఆడారు. షిప్పెన్ చివరి రౌండ్ దాకా గెలిచే వరసలోనే ఉన్నాడు, 13వ హోల్‌లో బంతి ఇసుక బాటలో పడి 11 షాట్లు అయ్యాయి. గెలిచింది సెయింట్ ఆండ్రూస్ నుంచి వచ్చిన జేమ్స్ ఫౌలిస్.

ఆ ప్రొఫెషనల్స్ పనిని నేను ప్రేమిస్తాను, ఆ రోజు వాళ్లు చేసింది మాత్రం క్షమించలేను. ఈ రెండూ కలిపే చెప్పాలి.

ఆ స్కాట్లాండ్ మేస్త్రీలు మన దేశానికి రాలేదా? (పదో తరగతి విద్యార్థిని, నెల్లూరు)

తల్లీ, మన దేశానికి ఆటే ముందు వచ్చేసింది. కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు 1829లో పెట్టారు, బ్రిటన్ దాటితే ప్రపంచంలో అదే మొదటిది. అప్పటికి ఓల్డ్ టామ్ ఎనిమిదేళ్ల పిల్లవాడు, మైదానం గీయడం అనే వృత్తే పుట్టలేదు. ఆటను తెచ్చింది ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, సైనికులు, వర్తకులు, వాళ్లలో స్కాట్లాండ్ వాళ్లు చాలామంది. 1842లో బొంబాయిలో ఇంకో క్లబ్బు వచ్చింది. అమెరికాలో జాన్ రీడ్ ఆట మొదలుపెట్టేది ఇంకో నలభై ఆరేళ్లకు.

మా అబ్బాయి బోస్టన్‌లో చదువుకుంటున్నాడు. పెద్ద క్లబ్బుల్లోకి మనల్ని రానివ్వరు కదా, ఆ రాస్ గారి మైదానం ఏదైనా మామూలు మనుషులు వెళ్లి చూసేది ఉందా? (రిటైర్డ్ టీచర్, అనంతపురం)

ఉంది మాస్టారూ, బోస్టన్ నగరంలోనే, హైడ్ పార్క్ అనే చోట. జార్జ్ రైట్ గోల్ఫ్ కోర్స్ అంటారు. నగరపాలక సంస్థది, టికెట్టు కొనుక్కుని ఎవరైనా ఆడొచ్చు. 1930ల్లో అమెరికాలో ఉద్యోగాలు లేక జనం అల్లాడుతున్నప్పుడు ప్రభుత్వం పని కల్పించే పథకం కింద కట్టించింది, 1938లో తెరిచారు. రాస్ అప్పటికి అరవై దాటినవాడు. పైన్‌హర్స్ట్‌లోలా ఇసుక కాదు ఇక్కడ, బండరాయి, బురద నేల. 60 వేల పౌండ్ల డైనమైట్ పెట్టి రాయి పేల్చారు, బురదలో మట్టి పోసి ఎత్తు చేశారు.

అబ్బాయిని వాన పడిన మర్నాడు వెళ్లమనండి, కర్రలు అక్కర్లేదు. అక్కడ పనిచేసేవాళ్లను అడిగి, ఆడేవాళ్లకు అడ్డం రాకుండా ఒక పక్కగా నిలబడి గ్రీన్ వైపు చూడమనండి. ఎటు చూసినా నీరు నిలవని ఆ వాలు ఎలా ఉందో ఫోన్లో వీడియో తీసి మీకు పంపమనండి. అనంతపురంలో చెరువు కట్టలు చూసి పెరిగినవాళ్లు మీరు, ఆ వాలు అబ్బాయికి మీరే వివరించగలరు.